బికాజ్ బాబాయికి కారణం దొరకని రోజు

ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు దానికో కారణం తగిలించకపోతే మా బాబాయికి అన్నం అరగదు. మాట అన్న మనిషి కారణం చెప్పాడా లేదా అన్నది ఆయనకు అనవసరం. చెప్తే సరే. చెప్పకపోతే తనే ఒకటి అక్కడికక్కడ తయారుచేసి వేడివేడిగా వడ్డించేస్తాడు.

ఇలాంటి మనిషి ఏ పిండిమరలోనో పనిచేస్తే ఎవరికీ నష్టం ఉండేది కాదు. మా ఖర్మకొద్దీ ఆయన ఉద్యోగమే మాటలు చేరవేయటం. గాజుసీసాల ఫ్యాక్టరీలో దుబాసీ. పైగదుల్లో కూర్చునేవాళ్ళకు ఇంగ్లీషు తప్ప రాదు, బట్టీల దగ్గర చెమటోడ్చేవాళ్ళకు తెలుగు తప్ప రాదు. ఆ రెంటి మధ్యా మా బాబాయి. ఆయన అటు చెప్పినా ఇటు చెప్పినా ప్రతి మాటకూ ఒక 'బికాజ్' తోకలా వేలాడుతుంది కాబట్టి ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన బికాజ్ బాబాయి. నేను అక్కడే స్టోర్సులో గుమాస్తాను. ఆయన సొంత అన్నకూతుర్ని కూడాను. కాబట్టి ఈ వైభవమంతా ఆఫీసులోనూ ఇంట్లోనూ రెండుపూటలా అనుభవించాను.

ఇంట్లో దుబాసీ అవసరం ఏముంది అంటారా? అది ఆయనకు తెలిస్తే కదా. ఒకసారి నేను వెళ్ళి కూర్చునేసరికి లోపల పిన్ని డబ్బా మూత విసురుగా మూసి, "కాఫీపొడి అయిపోయింది!" అంది. నాకూ చెవులున్నాయి, వినపడింది. అయినా బాబాయి నావైపు వంగి ఎంతో మర్యాదగా మొదలెట్టాడు.

"మీ పిన్ని కాఫీపొడి అయిపోయిందని విచారం వ్యక్తం చేస్తోందమ్మా. ఎందుకంటే నీకు మంచి కాఫీ ఇద్దామని పొద్దుట్నుంచీ అనుకుంటోంది."

"నేనెప్పుడనుకున్నాను?" అంటూ పిన్ని బయటికి వచ్చింది. "అసలది వచ్చిందనే నాకు తెలీదు!"

"తెలిసుంటే అనుకునేదానివి" అన్నాడు బాబాయి. పిన్ని నన్ను చూసి నాలిక్కరుచుకుని పక్కింటికి వెళ్ళి కాఫీపొడి తెచ్చింది. బాబాయి కారణాలతో వచ్చిన చిక్కే ఇది. ఆయన చెప్పేదాకా అవి ఉండవు, చెప్పాక ఎలాగో ఒకలా ఉన్నట్టే అయిపోతాయి.

ఫ్యాక్టరీలో అయితే చెప్పనే అక్కర్లేదు. పాత మేనేజరు నోటికి హద్దు ఉండేది కాదు. ఒకరోజు ప్యాకింగులో ఒక మనిషిని పట్టుకుని, "ఈ గాడిదను నా కళ్ళముందు నుంచి పొమ్మను!" అని ఇంగ్లీషులో అరిచాడు. బాబాయి ఆ మనిషి భుజంమీద చెయ్యి వేసి, "నువ్వు చాలా బరువు పని చేస్తున్నావని దొరగారు అభిప్రాయపడుతున్నారు, కాసేపు బయట గాలికి కూర్చోమని కోరుతున్నారు, ఎందుకంటే లోపల ఉక్కగా ఉందట" అన్నాడు. ఆ మనిషి మేనేజరుకు వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినవాడికి దండం పెట్టేవాణ్ణి మేనేజరు తన సర్వీసులో చూడలేదేమో, ఆ పూటంతా ఎవర్నీ ఏమీ అనలేదు.

"ఎందుకు బాబాయ్ ఇదంతా? ఏదో రోజు దొరికిపోతావు" అంటే ఆయన దగ్గర దీనికో సిద్ధాంతం ఉండేది.

"అమ్మాయ్, మన మాటలో కారణం ముందొస్తుంది. 'ఒంట్లో బాలేదు కాబట్టి పనికి రాలేదు' అంటాం. వినేవాడు ముందు 'అయ్యో' అనుకుంటాడు, తప్పు తర్వాత తెలుస్తుంది. ఇంగ్లీషులో తప్పు ముందు నడుస్తుంది. 'వాడు పనికి రాలేదు' అన్నది ఇంజను. కారణం వెనక పెట్టె. మధ్యలో బికాజ్ అనే కొక్కెం సమయానికి పడలేదనుకో, ఇంజనొక్కటే దొరగారి చెవిలోకి పోతుంది. ఆయన అక్కడే అరవటం మొదలెడతాడు. పెట్టె దారిలో ఉండిపోతుంది."

ఆ కొక్కెం జారిపోకుండా ఆయన ఇంగ్లీషు వాక్యం సగంలో ఉండగానే అరచెయ్యి ఎత్తి ఎదుటివాణ్ణి ఆపేవాడు. రోడ్డుమీద పోలీసు బస్సును ఆపినట్టు.

'అన్నాడు' అన్న ముక్క దగ్గరా ఇంత రభసే. "సెడ్ అన్నది వీధి అరుగు, ఎవడైనా కూర్చోవచ్చు. క్లెయిమ్డ్ అంటే కనుబొమలు ఎగరేసి చెప్పినట్టు. ఇక అడ్మిటెడ్ అన్నావో, వాడి చేతికి బేడీలు వేసి మరీ వాడి మాట చెప్పినట్టు. వాడు అన్నది ఒకటే మాట. వాడు దొంగో దొరో తేల్చేది ఆ మాటను మోసేవాడు!" అని వేలు ఊపేవాడు. నేను ఆవలించేదాన్ని. ఆయన వెంటనే పిన్నితో, "అమ్మాయి ఇవాళ బాగా అలిసిపోయింది, ఎందుకంటే స్టోర్సులో పని ఎక్కువట" అనేవాడు. నేను ఆవలించింది ఆయన మాటలకని తెలియనంత అమాయకురాలేం కాదు పిన్ని.

ఇక అసలు కథలోకి వస్తాను. మా ఫ్యాక్టరీలో ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. తమ్ముడు బట్టీ మేస్త్రీ. అన్న ప్యాకింగు షెడ్డులో పెద్ద. ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వుతారు: ఒక నిచ్చెన. తమ్ముడు ఇంటి కప్పు బాగుచేసుకోవటానికి నిచ్చెన అడిగాడు. అన్న "ఇవ్వను" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. తమ్ముడు ఇంకేమీ అడగలేదు. నిచ్చెన పై మెట్టు పుచ్చిపోయింది, ఎక్కితే తమ్ముడు కిందపడతాడని అన్న భయం. ఆ సంగతి చాలా కాలానికి బాబాయి కనిపెట్టి పరుగున వెళ్ళి తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు, "ఊరుకో బాబాయ్, ఇది నువ్వు కల్పించిందే" అని కొట్టిపారేశాడు. బాబాయి జన్మలో మోసిన ఒకే ఒక్క నిఖార్సైన కారణాన్ని నమ్మినవాడు లేడు.

అయినా ఆయన మానలేదు. రోజూ టీ వేళకు బట్టీ నుంచి ప్యాకింగుకు, ప్యాకింగు నుంచి బట్టీకి తిరిగేవాడు. "మీ తమ్ముడు నీ మోకాలెలా ఉందని వాకబు చేస్తున్నాడు, ఎందుకంటే నిన్న నువ్వు కుంటుతుంటే చూశాడట." "మీ అన్న నిన్ను బట్టీకి మరీ దగ్గరగా నిలబడొద్దని బతిమాలుతున్నాడు, ఎందుకంటే నీ కళ్ళు ఎర్రబడ్డాయట." ఇద్దరూ "ఊఁ" అనేవాళ్ళు. ఆ "ఊఁ"ను అటువైపు చేర్చేసరికి అది నిండు పేరా అయ్యేది.

ఒక మధ్యాహ్నం బట్టీ దగ్గర మేస్త్రీ లేడు. అక్కడ మనిషి కాసేపు కూడా కదలకూడదు. గాజు లావాలా పారుతుంటుంది, మంట తగ్గితే గట్టిపడి బిగుసుకుపోతుంది. సరిగ్గా మేస్త్రీ లేని సమయంలోనే బర్నరు ఆరిపోయింది. గాజు గొట్టంలో రాయైపోయింది, యంత్రం ఆగిపోయింది, ఆ రోజు సీసాలన్నీ పెంకుల కుప్పలోకి పోయాయి. సెక్యూరిటీ ఆఫీసరు వచ్చి చూసేసరికి మెట్ల మీంచి మేస్త్రీ వగరుస్తూ పైకి వస్తున్నాడు.

"ఎక్కడికి పోయావ్?"

"వెళ్ళాను" అన్నాడు మేస్త్రీ. అంతకుమించి ఆయన నోట్లోంచి ఇంకో ముక్క రాలేదు.

అప్పటికి పాత మేనేజరు పోయి కొత్తగా డైరెక్టరమ్మ వచ్చింది. ఆవిడ అరవదు. అరిచేవాళ్ళతో ఎలాగో బతకొచ్చు, అరవనివాళ్ళతోనే భయం. విచారణ పెట్టింది. కారణం చూపించకపోతే మేస్త్రీ ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు. ఆ వయసులో, బట్టీ తప్ప ఇంకోటి ఎరగని మనిషికి, ఇంకెవడు పనిస్తాడు?

విచారణకు ముందు నన్ను పైకి పిలిచింది. మా మధ్య నడిచిన ఇంగ్లీషంతా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే మీకు సులువుగా ఉంటుందని. (చూశారా, నాకూ అంటుకుంది.)

"నీకు రెండు భాషలూ వచ్చు కదా?" అంది డైరెక్టరమ్మ.

"వచ్చు మేడమ్."

"దుబాసీ సొంత మాటలు కలుపుతాడని సెక్యూరిటీ ఆఫీసరు చెప్పాడు. ఫిర్యాదు చేసినవాణ్ణే కాపలా పెట్టటం న్యాయం కాదు. నువ్వు నా పక్కన కూర్చో. మేస్త్రీ అనని మాట ఒక్కటి దుబాసీ నోట వచ్చినా, నేననని మాట ఒక్కటి మేస్త్రీకి చేరినా, చెయ్యెత్తు. ఆ సంగతి ఆయనకూ చెప్పేశాను. కలిపితే ఆయన ఉద్యోగం కూడా ఉండదు."

"మేడమ్, ఆయన మా బాబాయి."

"తెలుసు. నువ్వు అబద్ధమాడవని కూడా చెప్పారు" అంది ఆవిడ, కాగితాలు సర్దుకుంటూ.

ఎవరు చెప్పారో ఆ దుర్మార్గులు.  కిందికి వచ్చి చూస్తే బాబాయి వరండాలో నిలబడి నీళ్ళ గ్లాసు అటూ ఇటూ మారుస్తున్నాడు, తాగటంలేదు.

"బాబాయ్, నీకు దండం పెడతాను. ఇవాళొక్కరోజు నోరు కట్టేసుకో. నువ్వు కలిపితే నేను చెయ్యెత్తాలి."

"ఎత్తు తల్లీ. నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన వాక్యం కారణం లేకుండా ఆగిపోయింది. నాకు ఇంకా భయమేసింది.

విచారణ గది చిన్నది. పొడుగాటి బల్లకు ఆ చివర డైరెక్టరమ్మ, పక్కన నేను. ఎదురుగా మేస్త్రీ, చేతులు ఒడిలో పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. మధ్యలో బాబాయి నిలబడ్డాడు. గోడవారగా సెక్యూరిటీ ఆఫీసరు. ఆయన వెనక బెంచీమీద సాక్షిగా ప్యాకింగు అన్న. ఆ సమయానికి బట్టీ నుంచి సీసాలు రావటం ఆగిపోయిందని చెప్పటానికి ఆయన్ని పిలిచారు. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఇద్దరూ చెరో గోడను చూస్తున్నారు.

"బట్టీ వదిలి వెళ్ళావా?" అని అడిగింది డైరెక్టరమ్మ. బాబాయి తెలుగులో అడిగాడు.

"వెళ్ళాను" అన్నాడు మేస్త్రీ.

బాబాయి ఆవిడవైపు తిరిగాడు. "తను వెళ్ళానని అంటున్నాడు మేడమ్, బికాజ్..." అని అరచెయ్యి ఎత్తాడు. అలవాటు, ఏం చేస్తాడు పాపం. నా చెయ్యి కదిలింది. ఆయన నన్ను చూశాడు. ఎత్తిన అరచెయ్యి మెల్లగా దించి, జేబులో పెట్టుకున్నాడు. "అంతే మేడమ్" అన్నాడు.

ఇంజనొక్కటే వెళ్ళిపోయింది. వెనక పెట్టె లేదు.

"ఎందుకు వెళ్ళావు?"

"చెప్పేదేం లేదు."

"చెప్పేదేం లేదని అంటున్నాడు మేడమ్." బాబాయి నుదుటిమీద చెమట పట్టింది. నాకు తెలుసు, ఆ క్షణంలో ఆయన కడుపులో కనీసం పది కారణాలు పుట్టి గొంతుదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. ఆయన ముఖం చూస్తుంటే వాటిని లెక్కపెట్టేయొచ్చు.

సెక్యూరిటీ ఆఫీసరు లేచాడు. "చూశారా మేడమ్! బట్టీ వదిలానని ఒప్పుకున్నాడు."

"ఒప్పుకోలేదు!" బాబాయి గొంతు పెంచాడు. గదిలో అందరూ ఉలిక్కిపడ్డాం. "క్షమించండి మేడమ్. ఇది నేను కలపటం కాదు, తీసేయటం. మేస్త్రీ ఒప్పుకోలేదు. అన్నాడు. మీరు అడిగారు, ఆయన వెళ్ళానన్నాడు. బేడీలు ఈయన వేశాడు."

డైరెక్టరమ్మ నావైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ కలం తీసి తను రాసుకున్న మాటమీద గీత కొట్టి, పక్కన ఇంకో మాట రాసింది. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ దానివల్ల మేస్త్రీకి ఒరిగిందేమీ లేదు. అన్నాడో ఒప్పుకున్నాడో గానీ కారణం మాత్రం ఇంకా లేదు.

తర్వాత ఆవిడ మూడు నాలుగు రకాలుగా అడిగింది. ఒంట్లో బాలేదా? ఎవరైనా పిలిచారా? యంత్రంలో లోపముందా? బాబాయి ఒక్కొక్కటీ అచ్చుగుద్దినట్టు తెలుగులో చెప్పాడు. చెప్తూ చెప్తూ మేస్త్రీ ముఖంలోకి చూస్తూ, ఏదో ఒకదానికి 'అవును' అనరా బాబూ అని కళ్ళతోనే ప్రాధేయపడుతున్నాడు. కళ్ళతో కలిపినదానికి చెయ్యెత్తమని నాకెవరూ చెప్పలేదు, కాబట్టి ఎత్తలేదు. మేస్త్రీ అన్నింటికీ "కాదు" అన్నాడు. సెక్యూరిటీ ఆఫీసరు బూటు నేలమీద టకటకా ఆడిస్తున్నాడు. ఆ చప్పుడు నా పంటి కింద రాయిలా ఉంది.

డైరెక్టరమ్మ కాగితాలు ఒక దగ్గర చేర్చింది. అంటే అయిపోయినట్టే. "చివరిసారి అడుగుతున్నాను. ఇంకేమైనా చెప్పుకోవాలా?" అంది.

బాబాయి మేస్త్రీవైపు తిరిగాడు. "మేడమ్ చివరిసారి అడుగుతున్నారు, ఇంకేమైనా చెప్పుకుంటావా అని."

అక్కడ ఆగాలి. ఆగాడు కూడా. తర్వాత నావైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పిన్ని వద్దంటున్నా వినకుండా పంచదార ఇంకో చెంచా వేసుకునేముందు చూసే చూపది.

"ఎందుకంటే" అన్నాడు బాబాయి, "కారణం తెలీకుండా ఒక మనిషిని ఇంటికి పంపిస్తే ఆవిడకి నిద్ర పట్టదట."

ఆవిడ ఆ మాట అనలేదు. అలాంటిదేదీ అనలేదు. నా చెయ్యి బల్లమీంచి లేచి సగంలో ఆగిపోయింది. పూర్తిగా లేపితే బాబాయి ఉద్యోగం. దించితే నా మాట. సెక్యూరిటీ ఆఫీసరు వేలు చూపించాడు. "కలిపాడు మేడమ్! నిద్ర గిద్ర అంటున్నాడు! అమ్మాయి చెయ్యి చూడండి!"

డైరెక్టరమ్మ నా చెయ్యి చూసింది, నా ముఖం చూసింది. "కలిపాడా?"

"కలిపాడు మేడమ్" అన్నాను. 

ఆవిడ ఏదో అనబోయింది. ఈలోగా బల్లకు అటువైపు నుంచి మేస్త్రీ తలెత్తాడు. "ఆవిడకి నిద్ర పట్టకపోవటమేమిటి? నేనేమవుతాను ఆవిడకి?" అని గొణిగాడు. "నా మూలంగా ఇంకొకరు నిద్ర చెడగొట్టుకోవటమెందుకు. పడిపోయాడు. కనపడింది. వెళ్ళాను."

బాబాయి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. "పడిపోయాడని, కనపడిందని, వెళ్ళానని అంటున్నాడు." ఒక్క బికాజ్ లేదు. గుండెలమీద బండ పెట్టుకున్నట్టు నిలబడ్డాడు.

"ఎవరు పడిపోయారు?" అంది డైరెక్టరమ్మ.

మేస్త్రీ మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు. ఆ పేరు చెప్పటంకన్నా ఉద్యోగం వదులుకోవటం నయమన్నట్టు దవడ బిగించాడు. వెనక బెంచీ కిర్రుమంది. ప్యాకింగు అన్న లేచి నిలబడ్డాడు.

"నేను" అన్నాడు. "ఆ మధ్యాహ్నం షెడ్డులో కళ్ళు తిరిగి పడిపోయింది నేను. కళ్ళు తెరిచేసరికి ఎవరూ లేరు, ముఖంమీద తడితువ్వాలు ఉంది. ఒరే... అది నీదా?"

"ఆరిందా?" అన్నాడు మేస్త్రీ గోడతో.

బట్టీ అరుగుమీద నిలబడితే ఎదురుగా కిటికీలోంచి ప్యాకింగు షెడ్డు కనపడుతుంది. పదేళ్ళుగా మంట చూస్తున్నట్టు నటిస్తూ ఈ మనిషి చూసింది ఆ కిటికీనన్నమాట. అన్న కూలిపోవటం చూశాడు, పరుగెత్తాడు, నీళ్ళు చల్లాడు, రెప్పలు కదలగానే తను కనపడకూడదని పారిపోయి వచ్చాడు. పట్టింపు అంత గట్టిది.

"అన్నం తినకుండా పనిచేస్తే పడరా మరి?" అన్నాడు మేస్త్రీ, ఇంకా గోడతోనే. "నా కళ్ళ సంగతి కనుక్కోమని రోజూ బాబాయిని పంపేవాడివి, నీ కడుపు సంగతి నువ్వు చూసుకోవద్దూ?"

"నేను పంపటమేమిటి? నువ్వేగా నా మోకాలెలా ఉందని రోజూ అడిగించింది! నొప్పి నూనె కూడా పంపావుగా!"

"నేను ఏ నూనే పంపలేదు. వానాకాలంలో నువ్వు నాకు గొడుగు పంపావు, అందుకని..."

"గొడుగా? నాకే గొడుగు లేదు!"

 ఇద్దరూ ఒకేసారి బాబాయివైపు తిరిగారు. నేనూ తిరిగాను. కొన్న గొడుగు కొన్నట్టే ఎక్కడికి పోతోందని పిన్ని ఏళ్ళ తరబడి వేస్తున్న ప్రశ్నకు జవాబు నా కళ్ళముందు చెమటలు కక్కుతోంది.

"ఏమంటున్నారు వాళ్ళు?" అంది డైరెక్టరమ్మ.

ఇక చూడండి మా బాబాయి అవస్థ. ఉన్నదున్నట్టు చెప్పాలి, ఒక్కటి కలపకూడదు, ఒక్కటి తియ్యకూడదు. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, అన్న తను ఏ కబురూ పంపలేదని అంటున్నాడు. తమ్ముడు తనూ పంపలేదని అంటున్నాడు. నూనె, గొడుగు ఎవరూ పంపలేదని ఇద్దరూ..." అని ఒక్క క్షణం తటపటాయించి, "ఇద్దరూ దుబాసీని అనుమానిస్తున్నారు, బికాజ్ కబుర్లన్నీ తెచ్చింది అతనే."

డైరెక్టరమ్మ నన్ను చూసింది. నా రెండు చేతులూ ఒడిలోనే ఉన్నాయి.

"అన్నీ నువ్వే కల్పించావా?" అని ఆయన్ని అడిగింది.

"కల్పించాను మేడమ్."

"ఇప్పుడు నా నిద్ర సంగతి?"

"అదీ కల్పించాను మేడమ్."

"ఎందుకు?"

మా బాబాయి నోరు తెరిచాడు. ఊరందరికీ కారణాలు పంచిపెట్టిన మనిషి, కాఫీపొడి నుంచి బట్టీమంట దాకా ప్రతిదానికీ బికాజ్ అందించిన మనిషి, తన సంగతి అడిగేసరికి వెతుక్కున్నాడు, వెతుక్కున్నాడు, దొరకలేదు. చేతులు రెండూ చాపి, మళ్ళీ దించేసుకున్నాడు. ఆయన్ని అంత దిక్కుతోచకుండా నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళు చెమర్చాయి, చెప్పటానికి సిగ్గెందుకు.

డైరెక్టరమ్మ కలం మూత పెట్టింది. "నిన్న నాకు నిజంగానే నిద్ర పట్టలేదు" అంది. "అది మాత్రం అతనికి చెప్పు. ఇది నేను అన్న మాటే."

బాబాయి చెప్పాడు. సెక్యూరిటీ ఆఫీసరు బూటు ఆగిపోయింది.

మేస్త్రీ పనిలో ఉంటాడని ఆవిడ తేల్చింది. కానీ బట్టీ వదిలేముందు కేక వేసి ఇంకొకరిని నిలబెట్టనందుకు చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లను బాబాయి ఒక్క చెంచా పంచదార కూడా కలపకుండా అందించాడు. ఇకనుంచి బట్టీ దగ్గర ఇద్దరు మనుషులుండాలని కూడా చెప్పింది. బాబాయి దగ్గరికి వచ్చేసరికి కుర్చీ వెనక్కి జరిపింది.

"ఈ గదిలో ఎవరేమన్నారో అదే చెప్పాలి. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

"గది బయట ఎవరికి ఏం చెప్పుకుంటావో నాకనవసరం" అని లేచి వెళ్ళిపోయింది.

మేం వరండాలోకి వచ్చాం. బాబాయి ఇందాకటి నీళ్ళు గటగటా తాగాడు. అన్నదమ్ములిద్దరూ వచ్చి చెరో స్తంభం దగ్గర నిలబడ్డారు. వెళ్ళటంలేదు, మాట్లాడుకోవటంలేదు. కొంతసేపటికి అన్న అలవాటుగా బాబాయి పక్కకు చేరాడు.

"బాబాయ్, వాడికి చెప్పు. సాయంత్రం ఇంటికి రమ్మని."

నేను కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడొస్తుంది బికాజ్, తోకతో సహా. రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే బాబాయి గ్లాసు కిటికీలో బోర్లించి, అడ్డంగా తలూపాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

అన్న బిత్తరపోయాడు. చొక్కా సర్దుకున్నాడు. తప్పదన్నట్టు రెండడుగులు వేసి తమ్ముడి స్తంభం దగ్గరికి వెళ్ళాడు.

"ఒరే, సాయంత్రం ఇంటికి రా."

మేస్త్రీ మెడ తిప్పి అనుమానంగా చూశాడు. "ఎందుకు?"

అన్న ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. నా పక్కన బాబాయి పెదవులు కదులుతున్నాయి, ఒకటి అందిద్దామని ఆయన ప్రాణం గిలగిల్లాడుతోంది. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఊరికే" అన్నాడు అన్న.

మేస్త్రీ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "సరే, వస్తాను" అన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. బాబాయి వాళ్ళ వెనకే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి నావైపు తిరిగి, "ఊరికేనట!" అన్నాడు. దానికి ఇంకేమీ తగిలించలేదు.